రబ్బరు మొక్కకు తలనూనె

పోయిన వారం మన కోడలు శిక్షణ ముగించుకుని, సంచీ సర్దుకుని, బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందన్న సంబరంలో ఉండగా మొగుడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "నావల్ల కాలేదు. నాన్నకి నువ్వే చెప్పాలి" అన్నాడు. అక్కడ ఆగాం.

ఏం చెప్పాలో గుర్తులేనివాళ్ల కోసం ఒక్క ముక్క. మామగారి సెలూన్ ఉన్న పాత మేడ గోడలు బీటలు వారాయి, పడగొట్టబోతున్నారు. వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఆ సంగతి మామగారి ముఖం చూసి చెప్పడానికి నోరు రాక, మేడ ఓనరు గారు నెల కిందట కొడుకుని పక్కకి పిలిచి చెప్పారు. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. ఎంత మొండి ఇంజనైనా విప్పుతాడు గానీ తండ్రి ముందు నోరు విప్పలేడు. మొగుడూ పెళ్లాం కూర్చుని ఆలోచించి, ముందు వేరే గది వెతుకుదాం, దొరికాకే చెబుదాం అని ఒట్టు పెట్టుకున్నారు. ఈలోగా పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే కోడలికి మూడు వారాల శిక్షణ వచ్చిపడింది. ఆవిడ వెళ్లింది. ఇక్కడ గది దొరికింది. మాట మాత్రం కొడుకు గొంతులోనే ఉండిపోయింది. రేపు పొద్దున్నే ఓనరు గారు ఇంజనీరుని వెంటబెట్టుకుని, టేపు పట్టుకుని గోడలు కొలవడానికి వస్తున్నారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే గదిలో కత్తెర ఆడించిన మనిషికి ఆ గది ఇక ఉండదని ఆలోగా ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ ఎవరో ఒకరు కోడలే. నాలుగు గంటల బస్సు ప్రయాణంలో ఆ ఒక్క మాటని నలభై రకాలుగా కూర్చుకుంది. చావు కబురు చల్లగా చెప్పడమెలాగో ఏ శిక్షణలోనూ నేర్పరు కదా. బస్సు దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా, సంచీ భుజానే ఉంచుకుని నేరుగా సెలూన్‌కి వచ్చింది. వారానికో రోజు సెలవు, ఆ రోజు ఇవాళే. అయినా మామగారు ఇంట్లో ఉండరని ఆమెకి తెలుసు. సెలవు రోజున కత్తెరలకు పదును పెట్టుకుంటూ, దువ్వెనలు కడుక్కుంటూ అక్కడే కూర్చుంటారాయన.

షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరింది.

మామగారు బల్ల మీద దువ్వెనలు పరిచి ఒక్కొక్కటే తుడుస్తున్నారు. పక్కన అత్తగారు ఉతికిన తువ్వాళ్లు మడతలు పెడుతున్నారు. కోడల్ని చూడగానే ఇద్దరి ముఖాలూ ఒక్కసారి వెలిగి, మరుక్షణం ఒక్కసారే ఆరిపోయాయి. స్విచ్చి వేసి తీసినట్టు.

"వచ్చావా అమ్మా! సాయంత్రం బస్సుకి వస్తానన్నావుగా?" అన్నారు మామగారు లేచి నిలబడుతూ. నిలబడటమే కాదు, కిటికీకీ కోడలికీ మధ్యన వచ్చి నిలబడ్డారు.

"ముందు బస్సు దొరికింది మామయ్యా."

"మంచిదే, మంచిదే. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కో. బడలిపోయి ఉంటావు."

"అవును, పద, నేనూ వస్తున్నా" అన్నారు అత్తగారు మడతపెట్టిన తువ్వాలునే మళ్లీ విప్పి మడతపెడుతూ.

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఉన్న మనిషి. వీళ్లు ఏదో దాస్తున్నారని తెలియడానికి ఎంతసేపు? మామగారి భుజం పక్కనుంచి కిటికీ వైపు తొంగి చూసింది.

కిటికీ దగ్గర ఆమె రబ్బరు మొక్క ఉంది.

ఆ మొక్క ఆమెకి ఎవరూ ఇవ్వలేదు, ఆమె కొన్నదీ కాదు. పోస్టాఫీసు రికార్డు గదిలో ఓ మూల, మిగిలిపోయిన టీ ఒంపేసే తొట్టిలో, రెండంటే రెండు ఆకులతో నిలబడి ఉండేది. పెళ్లైన కొత్తలో దాన్ని సంకన పెట్టుకుని తెచ్చేసింది. ఇంట్లో వెలుతురు చాలదు. సెలూన్ కిటికీకి పాలరంగు అద్దం ఉంది. ఎండ మీద పడదు గానీ పొద్దున్నించి సాయంత్రందాకా గదంతా వెలుగే. అందుకని తొట్టిని అక్కడ పెట్టింది. రెండేళ్లలో మొక్క ఆమె భుజం ఎత్తు పెరిగింది. వెళ్లేనాటికి పద్నాలుగు ఆకులు, ఒక్కొక్కటీ జానెడు పైనే, ముదురు ఆకుపచ్చ రంగులో.

వెళ్లేటప్పుడు మామగారికి మూడు మాటలు చెప్పింది. మట్టిలో వేలు పెట్టి చూసి, రెండో కణుపుదాకా పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యాలి. కిటికీ దగ్గర్నుంచి కదపకూడదు. ఆకుల మీద దుమ్ము పడితే మొక్కకి ఊపిరాడదు కాబట్టి తుడుస్తూ ఉండాలి. మామగారు మూడూ అప్పజెప్పి మరీ పంపించారు. ఆ మూడింటినీ తు.చ. తప్పకుండా పాటించారు కూడా. కొంప మునిగింది అక్కడే. బద్ధకస్తుడికి అప్పగించి ఉంటే ఆ మొక్క నిక్షేపంగా ఉండేది.

ఇప్పుడు అది మెరుస్తోంది. అంత మెరుపు దానికి ఎప్పుడూ లేదు. తలంటి పోసి, నూనె పెట్టి, పాపిడి తీసి బడికి పంపడానికి సిద్ధం చేసిన పిల్లలా ఉంది.

కోడలు ఆకులు లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే. అందులో రెండింటి అంచులు పసుపురంగుకి తిరిగాయి. ఓ ఆకు మీద వేలు పెట్టింది. వేలు సర్రున జారింది. ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ సెలూన్ నుంచి బయటికి వెళ్లే ప్రతి తలా మోసుకెళ్లే వాసనే అది.

"ఇది..." అని నోరు తెరిచిందో లేదో, అత్తగారు తువ్వాలు వదిలేసి ముందుకొచ్చారు.

"నేనే! నేనే రాశాను!"

గుమ్మడికాయల దొంగ అనగానే తన భుజాలు తడుముకున్నవాడి సంగతి విన్నాం గానీ, మొగుడి భుజాల తరఫున తన భుజాలు తడుముకునే ఇల్లాలిని ఇప్పుడే చూస్తున్నాం. రెండేళ్లలో ఆవిడ ఆ మొక్కని ముట్టుకున్నది లేదు. ఊడ్చేటప్పుడు అడ్డమని రోజూ తిట్టడం తప్ప దాంతో ఆవిడకి వేరే సంబంధమే లేదు.

"మీరు రాశారా అత్తయ్యా? ఏం నూనె?"

అత్తగారు అద్దం కింద ఉన్న అర వైపు చూశారు. అక్కడ మూడు రంగుల్లో మూడు సీసాలున్నాయి. ఆవిడ ఓ సీసా వైపు వేలు చూపారు. "అదీ... ఆ పచ్చ సీసాలోది."

"పచ్చ సీసా గడ్డం లోషనే" అన్నారు మామగారు నేల చూపులు చూస్తూ. "ఊరుకో. అబద్ధమాడేదానివి సీసా అయినా సరిగ్గా చూపించొద్దూ?" తర్వాత తల ఎత్తి, తప్పు చేసి మేష్టారి ముందు నిలబడ్డవాడిలా చేతులు కట్టుకున్నారు. "నేనేనమ్మా. తుడవమన్నావుగా. ఉత్త గుడ్డతో తుడిస్తే ఏం తుడిచినట్టు? తల దువ్వి నూనె రాయకుండా పంపితే కస్టమరు మళ్లీ వస్తాడా? మంచి నూనేనమ్మా, ఎర్ర సీసా. అది అందరికీ తియ్యను."

"ఎన్నాళ్లకోసారి రాశారు?"

"రోజూ."

"రోజుకి రెండుసార్లు" అన్నారు అత్తగారు. ఇక అబద్ధం మానేశాక నిజం చెప్పడంలో ఆవిడకి ఎవరూ సాటి రారు.

"పైవైపేగా మామయ్యా?" కోడలి గొంతులో చివరి ఆశ అది.

మామగారు నొచ్చుకున్నారు. "నేను ఏ పనైనా సగం చేసి వదలడం చూశావా? అడుగున కూడా రాశాను. వేలితో, ఈనెల పక్కనంతా."

ఆ తర్వాత అరలోంచి ఓ తెల్ల తువ్వాలు తీసి ఆమె ముందు విప్పారు. అందులో అయిదు ఆకులు. ఒక్కోదానికి దారంతో ఓ కాగితం ముక్క కట్టి, దాని మీద రాలిన తేదీ రాసి ఉంది. "పారేయబుద్ధి కాలేదు. నువ్వొచ్చాక లెక్క అడుగుతావేమోనని" అన్నారు. "మొదటిది రాలినప్పుడు నూనె చాల్లేదేమో అనుకున్నాను. ఇంకాస్త ఎక్కువ రాశాను."

కోడలికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. కోపం కూడా రావలసిందే, దాని కోసం కాసేపు లోపల వెతుక్కుంది గానీ దొరకలేదు. రాలిన ఆకులకి తేదీలు రాసిపెట్టుకున్న మనిషి మీద కోపం ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది?

కానీ అసలు బెంగ అది కాదు. ఓ మొక్క పాడైందనే ఇంత కుంగిపోయిన మనిషికి, గది పోయిందని ఎలా చెప్పడం? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. బస్సులో కూర్చుకున్న నలభై రకాల మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేలా లేదు.

"బతుకుతుందా అమ్మా?" అన్నారు మామగారు.

"బతుకుతుంది. కాండం గట్టిగానే ఉంది. చిగురు కూడా ఎండలేదు. ముందు ఆ నూనె వదిలించాలి. అత్తయ్యా, కాసిని గోరువెచ్చని నీళ్లు కావాలి."

అత్తగారు నీళ్లు కాచడానికి వెనక సందులో ఉన్న ఇంటికి పరుగెత్తారు. కోడలు సంచీ దించి, చేతి గాజులు పైకి లాక్కుంది. మామగారు మాత్రం అప్పటికే పనిలో దిగిపోయారు. తొట్టిని రెండు చేతులా ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. కాలితో మీట తొక్కి మొక్కని తన చేతులకి అందే ఎత్తుకి లేపారు. ఓ పొడి తువ్వాలు తీసుకుని తొట్టి మూతి మీద, కాండం చుట్టూ బిగించి కట్టారు.

"ఇదెందుకు మామయ్యా?"

"సబ్బు నీళ్లు మట్టిలోకి దిగకూడదు కదా. మెడ చుట్టూ కట్టకపోతే చొక్కాలోకి దిగవూ?"

నిజమే. మట్టి కప్పాలని ఆమె చెప్పబోతూ ఉంది, చెప్పే అవసరం లేకపోయింది.

నీళ్లొచ్చాయి. చెంబుడు నీళ్లలో ఒక్క చుక్క షాంపూ వేసింది కోడలు. మామగారు రెండో చుక్క వేయబోతే చెయ్యి పట్టుకుంది. "చాలు మామయ్యా. మీరు ఏదిచ్చినా ఎక్కువే ఇస్తారు, చిక్కు అక్కడే వస్తోంది."

"మరి తప్పెక్కడ జరిగిందో చెప్పు. తెలుసుకుంటాను."

"ఆకు అడుగున కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. మొక్క ఊపిరి పీల్చేది వాటితోనే. నూనె రాస్తే అవి మూసుకుపోతాయి. పైనున్న నూనెకి దుమ్ము అంటుకుని వెలుతురు కూడా ఆకుకి అందదు."

"అంటే మూడు వారాలుగా దాని ముక్కు మూసి, ఎలా ఉన్నావని అడుగుతున్నానన్నమాట."

"అడిగారా?"

"రోజూ అడిగేవారు" అన్నారు అత్తగారు. "నన్నెప్పుడైనా అడిగారా అని నేనడిగితే, నువ్వు ఆకులు రాల్చడం లేదుగా అన్నారు."

మెత్తని గుడ్డ తడిపి కోడలు మొదటి ఆకు పట్టుకుంది. ఆమె తుడుస్తుంటే ఆకు అటూ ఇటూ ఊగి తొడిమ దగ్గర వంగింది. మామగారు ఉండబట్టలేక గుడ్డ తీసేసుకున్నారు. ఎడమ అరచేతిని ఆకు కింద పరిచి, దాని బరువంతా ఆ చేతిలోకి తీసుకుని, కుడిచేత్తో తొడిమ నుంచి కొన దాకా ఆపకుండా ఒక్కసారే తుడిచారు. పసిపిల్లలకి మొదటి క్షవరం చేసేటప్పుడు తల పట్టుకునే తీరు అది. ఆకు కదల్లేదు. గుడ్డ మీద మాత్రం జిడ్డు గోధుమరంగు చారగా వచ్చింది. తర్వాత అడుగు వైపు. తర్వాత మంచి నీళ్లతో మళ్లీ రెండు వైపులా. కోడలు గుడ్డలు తడిపి అందించే పని చూసుకుంది. ఇన్నాళ్లూ ఆ ఆకుల్ని తనే బాగా చూసుకుంటున్నానని అనుకునేది. కాదని ఇప్పుడు తెలిసింది.

"మామయ్యా, మీతో ఒక మాట చెప్పాలి" అంది రెండో ఆకు దగ్గర.

"చెప్పమ్మా. ముందు ఆ గుడ్డ పిండు, నీళ్లు కారుతున్నాయి."

పిండింది. మాట లోపలే ఉండిపోయింది.

నాలుగో ఆకు దగ్గర మళ్లీ మొదలుపెట్టింది. "ఈ మేడ చాలా పాతది కదూ మామయ్యా..."

"పాతదే. పాలరంగు అద్దం ఇప్పుడెవరూ వేయించరు. అందుకే నీ మొక్కకి ఇంత బాగా కుదిరింది" అన్నారాయన. అంతే, ఆమె నోటికి మళ్లీ తాళం పడింది.

అత్తగారు చల్లారిన నీళ్లు పారబోసి వేడివి పోశారు. కోడలు మొగుణ్ని తలుచుకుని పళ్లు నూరుకుంది. మూడు వారాలు నీళ్లు నమిలి చివరికి ఆ చెంబు తన చేతికిచ్చాడు. గడియారం చూసింది. నాలుగున్నర. రాత్రికి ఇంట్లో చెప్పొచ్చులే అనిపించింది ఓ క్షణం. కానీ రేపు పొద్దున్న టేపు పట్టుకున్న మనిషి ముందు ఈ ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంటే ఇక ఆగబుద్ధి కాలేదు. ఆయన ఎవరో పరాయివాడి నోట ఈ మాట వినకూడదు. ఏడో ఆకు దగ్గర కళ్లు మూసుకుని, పాతకాలంలో టెలిగ్రాం చదివి వినిపించినట్టు గబగబా చెప్పేసింది.

"ఈ మేడ పడగొట్టేస్తున్నారు మామయ్యా. వచ్చే నెలాఖరుకి మనం ఖాళీ చెయ్యాలి. ఓనరు గారు మీ అబ్బాయికి చెప్పారు. నెల నుంచి మాకు తెలుసు. మీకు చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

గుడ్డ ఆగలేదు. ఏడో ఆకు కొస దాకా వెళ్లింది, అడుగు వైపు తిరిగింది, మళ్లీ కొస దాకా వెళ్లింది.

"తెలుసమ్మా" అన్నారు మామగారు.

కోడలు కళ్లు తెరిచింది.

"తెలుసా? ఎప్పట్నించి?"

"నీ మొగుడికి తెలిసిన రెండో రోజు నుంచి. ఓనరు గారు రోజు విడిచి రోజు గడ్డం చేయించుకోవడానికి వస్తారు కదా. నురగ రాసి, కత్తి మెడ మీద పెట్టి, ఏంటి సార్ ముఖం అలా వాడిపోయింది అన్నాను. అంతే, మొత్తం కక్కేశారు. మెడ మీద కత్తి ఉండగా అబద్ధమాడినవాణ్ని ఈ ముప్పై ఒక్క ఏళ్లలో నేను చూడలేదు. పాపం, ఏడ్చారు కూడా. కన్నీళ్లకి నురగ కారిపోతే మళ్లీ రాయాల్సి వచ్చింది."

కోడలు అత్తగారి వైపు తిరిగింది. అత్తగారు తువ్వాళ్లలో తలదూర్చారు. "నాకు ఆ సాయంత్రమే చెప్పారు" అన్నారు లోపల్నుంచి.

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"మీరిద్దరూ అంత కష్టపడి దాస్తుంటే చెప్పి మీ కష్టం పాడుచెయ్యడం ఎందుకని. వాడు రోజూ అన్నం ముందు కూర్చుని, నాన్నా అంటాడు. ఏంట్రా అంటాను. ఉప్పు అంటాడు. నెల రోజులుగా వాడికి ఉప్పు అందిస్తున్నాను. రక్తపోటు వచ్చేలా ఉంది వాడికి."

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఇక్కడ నాలుగు పిల్లులు ఒకే గిన్నె చుట్టూ కళ్లు మూసుకుని కూర్చున్నాయి. కోడలు ముందు తెల్లబోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంటే చేతికున్న షాంపూ కంట్లో పడింది. అత్తగారు పొడి తువ్వాలుతో ఆమె ముఖం ఒత్తారు. ముగ్గురూ కాసేపు నవ్వుకున్నారు. అందరికంటే ముందు మామగారి నవ్వు ఆగింది.

"తెలిసినప్పట్నించి పొద్దున్నే వచ్చి షట్టర్ ఎత్తాలంటే చేతులు ఆడేవి కావమ్మా" అన్నారాయన ఎనిమిదో ఆకుని అరచేతిలోకి తీసుకుంటూ. "కస్టమరు ఉన్నంతసేపూ పర్లేదు. ఎవరూ లేనప్పుడు ఈ గోడలే చూడాలి. చూడలేక ఏదో ఒక పని కావాలనిపించేది. ఇదిగో, నీ మొక్క కనిపించేది. ఓసారి నూనె రాసేవాణ్ని. మధ్యాహ్నం గది ఖాళీ అయ్యేది, ఇంకోసారి రాసేవాణ్ని. దానికి అవసరమని రాయలేదేమో, నాకవసరమై రాశానేమో."

చిన్నప్పట్నుంచి ఈయన నీడలో పెరిగిన కొడుకు మూడు వారాలు ఎదురుగా ఉండి చూడని దుఃఖం, ఆ తొమ్మిది ఆకుల మీద నూనె పూతలా కనపడుతూనే ఉంది. తనేమో వచ్చీరాగానే వాసన చూసి, తప్పు మాత్రం పట్టుకుంది. ఆమెకి సిగ్గేసింది. తడిచేత్తో మామగారి మోచెయ్యి పట్టుకుంది.

"గది దొరికింది మామయ్యా. రెండు వీధుల అవతల, పుస్తకాల బైండింగు షాపు పక్కన. వాటంగా ఉంటుంది. మీ అబ్బాయి ఫొటోలు పంపాడు. పొద్దున్న పదింటికి లైటు వెయ్యకుండా పేపరు చదివి చూడమన్నాను. చదవగలిగాడట. అంత వెలుతురుంటే మొక్కకీ సరిపోతుంది, మీకూ సరిపోతుంది. చోటు మారితే ఇది ఓ నాలుగు ఆకులు రాలుస్తుంది, దానికి కంగారు పడకూడదు. కదపకుండా ఒకే చోట ఉంచితే నెలా రెండు నెలల్లో అలవాటుపడి మళ్లీ చిగురేస్తుంది."

"నాకు చెబుతున్నావా, మొక్కకి చెబుతున్నావా?"

"ఇద్దరికీ."

మామగారు నవ్వి, ఆఖరి ఆకు తుడిచారు. గుడ్డ పిండి తీగ మీద ఆరేశారు. తొట్టి మూతికి కట్టిన తువ్వాలు విప్పి, మట్టిలో వేలు పెట్టి చూసుకుని, తొట్టిని ఎత్తి కిటికీ దగ్గర యథాస్థానంలో పెట్టారు. ఆకులకి ఇప్పుడు ఆ మెరుపు లేదు. మామూలు ఆకుల్లా ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చి, కోడలికి ఎదురుగా నిలబడ్డారు.

"గది వద్దని వాడికి చెప్పమ్మా. దానికి కొత్త చిగురు వేసే వయసుంది. నాకు అరవై మూడు. కొత్త అద్దం ముందు మళ్లీ కొత్తగా నిలబడలేను. ఇక చాలు. కత్తెర పక్కన పెట్టేస్తున్నాను."

తువ్వాళ్ల దగ్గర అత్తగారి చేతులు ఆగిపోయాయి. ఈ సంగతి ఆవిడకి కూడా తెలియదని కోడలికి అర్థమైంది.

"ఎప్పుడు అనుకున్నారు ఈ మాట?"

"వారం అయింది. ఈ కుర్చీ కూడా ఇచ్చేశాను. ఓనరు గారికి. ముప్పై ఏళ్లు ఇందులో కూర్చున్నాను, జ్ఞాపకంగా ఉంచుకుంటానంటే కాదనలేకపోయాను. అయిదింటికి ట్రాలీ పంపుతానన్నారు. అబ్బాయి డ్యూటీ దిగి వచ్చేసరికి పంపించేస్తే వాడు చూడక్కర్లేదు. మాట ఇచ్చేశానమ్మా."

కోడలు గడియారం చూసింది. అయిదుకి అయిదు నిమిషాలు తక్కువ. నెల రోజులుగా ఈయన్ని ఈ వార్త నుంచి కాపాడుతున్నామని అనుకుంటూ తిరిగారు ఇద్దరూ. ఆ నెల రోజులూ ఈయన ఒక్కరే కూర్చుని, ఒక్కరే నిర్ణయించుకుని, ఒక్కరే మాట ఇచ్చేశారు. ముందే నోరు విప్పి ఉంటే ఇంతదూరం వచ్చేదా? బయట వీధిలో బండి ఆగిన చప్పుడైంది. ఎవరో షట్టర్ మీద తట్టారు.

కోడలు రెండడుగుల్లో కుర్చీ దగ్గరికెళ్లి ఎక్కి కూర్చుంది. మొక్క కోసం పైకి లేపిన కుర్చీ ఇంకా దించలేదు. ఆమె కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఆ కాళ్లని, ఆ పట్టుదలని కలిపి చూస్తే నవ్వొచ్చేలానే ఉంది గానీ నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"మాట ఇచ్చింది మీరు" అంది. "నేనివ్వలేదు."

షట్టర్ పైకి లేచింది. తాడు భుజాన వేసుకున్న ట్రాలీ మనిషి లోపలికొచ్చి, కుర్చీ చూసి, అందులో ఉన్న మనిషిని చూసి, మామగారి వైపు తిరిగాడు.

"కుర్చీ ఇదేనాండీ? ఓనరు గారు తెమ్మన్నారు."

"ఇదే."

"మరి ఈవిడెవరండీ?"

"మా కోడలు."

"అయితే కాస్త లేవమని చెప్పండి."

మామగారు కోడల్ని చూశారు. కుర్చీ చేతులు పట్టుకున్న ఆమె వేళ్లు చూశారు. ఆ వేళ్లకి ఇంకా షాంపూ నీళ్ల తడి ఉంది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలోంచి లేవమని ఆయన ఎవరికీ చెప్పింది లేదు. పని అయ్యాక ఎవరికి వాళ్లే లేస్తారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పక్కకి తప్పుకున్నారు.

"నేను చెప్పను బాబూ. ఆవిడంతట ఆవిడ లేస్తే పట్టుకెళ్లు."

అత్తగారు ఈసారి ఎవరి భుజాలూ తడమలేదు. ఫ్లాస్కులోంచి టీ ఒంపి తెచ్చి కోడలి చేతిలో పెట్టారు. "బస్సు దిగిన దగ్గర్నుంచి ఏమీ తాగలేదు. కూర్చునే తాగు" అన్నారు. ఆ 'కూర్చునే' అన్న మాట కాస్త గట్టిగా అన్నారు.

ట్రాలీ మనిషి అందరి ముఖాలూ చూశాడు. తాడు నేల మీద పెట్టి, జేబులోంచి ఫోన్ తీశాడు. "అయ్యా, నేనేనండీ. ఇక్కడ కుర్చీలో మనిషున్నారండీ... ఆఁ, ఆడమనిషే. వీళ్ల కోడలటండీ. లేవట్లేదండీ."

ఓనరు గారి గొంతు ఫోను దాటి ఆ గదంతా వినిపించింది.

"వచ్చేసిందా ఆ అమ్మాయి? లేపకు. కదలొద్దని చెప్పు. మూడు వారాలుగా తన కోసమే చూస్తున్నాను. ఇదిగో, వచ్చేస్తున్నా!"

ఫోన్ కట్టయింది. కోడలు తెల్లబోయి మామగారి వైపు చూసింది. ఆయన అడ్డంగా తలూపారు. మెడ మీద కత్తి పెట్టినా ఓనరు గారు చెప్పని సంగతి ఒకటి ఉందని మామగారికి ఇప్పుడే తెలిసింది. ఆ సంగతేంటో వచ్చే వారం.